పక్కన పెట్టిన గాజు పలకలు

1987 సెప్టెంబరు 1, మంగళవారం. అనంతపురం, హాస్టలు.

ఇవాళ్టి నుంచి ఇందులో రాయక తప్పదు. మా గైడు రామదాసు సారు పొద్దున రైలుకు మద్రాసు వెళ్ళిపోయారు. మూడు నెలల శిక్షణ. నవంబరు ఆఖరు దాకా రారు. ల్యాబు నోటుబుక్కులో అంకెలు తప్ప ఏమీ రాయకూడదని చెప్పి మరీ వెళ్ళారు. "నీ సంతోషం, నీ దిగులు అందులో వద్దమ్మా. ఉష్ణోగ్రత రాయి, చాలు." ఇన్నాళ్ళూ సంతోషం, దిగులు ఆయనకే చెప్పేదాన్ని. ఇక ఈ పుస్తకానికి చెప్పుకుంటాను. దాచిపెట్టే పని కూడా లేదు. మా ఇంట్లో అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే.

డిసెంబరు పదకొండున బెంగళూరులో సెమినార్. అక్కడ మా పేపరు ఒప్పుకుంటే నన్ను పీహెచ్‌డీలోకి తీసుకుంటారు. లేకపోతే ఎం.ఫిల్.తో సరి, ఏప్రిల్‌కల్లా ధర్మవరం పోయి నాయన మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టాలి. కండెలు చుట్టడం చెడ్డ పని కాదు. అమ్మ ముప్పై ఏళ్ళుగా చుడుతోంది. చెడ్డ పనేమీ కాదు.

సారు వెళ్తూ ఇంగ్లండు స్నేహితుడు పంపిన తెల్లపొడి డబ్బా నా చేతికిచ్చారు. నలభై గ్రాములు. తాళి అప్పగించినట్టు అప్పగించారు. అందులో కలపడానికి పుస్తకాల్లో టాల్కం పొడి అని ఉంది. మన బలపం రాయి కూడా అదే జాతి అని చెప్పింది నేనే. సారు కళ్ళజోడు తీసి చూశారు.

"నీకెట్లా తెలుసమ్మా?"

"చిన్నప్పుడు తిన్నాను సార్."

ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

సెప్టెంబరు 6, ఆదివారం. ధర్మవరం.

అమ్మ కండెలు చుడుతూ అడిగింది: "వారం దినాలూ ఆ ల్యాబులో ఏం చేస్తాండావే నువ్వు?"

"నెయ్యి పూస కట్టేది చూస్తాండానమ్మా."

నిజానికి అంతకంటే బాగా చెప్పలేను. ఆ తెల్లపొడి కంటికి కనపడని సూక్ష్మజీవులు చేసిన ప్లాస్టిక్. కరిగించి చల్లారబెడితే నెయ్యిలాగే పూస కడుతుంది. పూసలు తక్కువై పెద్దవైతే బిళ్ళ పెళుసు, వంచితే పుటుక్కుమంటుంది. చిన్నవి, వేలకొద్దీ కడితే వంగుతుంది. చిన్నవి కట్టాలంటే చిటికెడు ఏదో ఒకటి కలపాలి. ఆ ఏదో ఒకటి ఏమిటన్నదే నా చదువు.

అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఇంట్లో రెండుతూర్లు నెయ్యి మాడగొట్టినావు. ఆడ గాజుముక్క మీద కాచేది నేర్చుకుంటాండావా?"

"ఈ ప్లాస్టిక్కును మట్టిలో పూడిస్తే మట్టి తినేస్తాదమ్మా."

మగ్గం గుంతలోంచి నాయన గొంతు వచ్చింది. "మట్టి తినందేముండాది చౌడీ? మగ్గాన్ని తింటాది, నన్ను తింటాది. దానికి మళ్ళా చదువొకటి గావల్నా?"

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో జవాబు తోచింది. నర్సరీల్లో మొక్కలు పెంచే నల్ల సంచులను మట్టి తినదు నాయనా. నాటేటప్పుడు చించి పారేస్తారు, వేళ్ళు తెగుతాయి, ఈ కరువులో సగం మొక్కలు అట్లాగే పోతాయి. మా సారు కల ఏమిటంటే సంచితో సహా గుంతలో పెట్టేయడం. వచ్చే ఆదివారం చెప్పాలి.

సెప్టెంబరు 7, సోమవారం.

మా ల్యాబు అటెండరు కుళ్ళాయప్పన్న గూగూడు పీర్ల పండగ నుంచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది. ఏటా వెళ్తాడు. పుట్టినప్పుడు అక్కడి పీరు సామి పేరే పెట్టారట. నా చేతిలో బెల్లం, పప్పులు పోశాడు.

"నీ పని గూడా సామికి చెప్పినా పాపా."

"ఏమని చెప్పినావన్నా?"

"మా పాప గాజుముక్కల్లోకి వంగి వంగి ఏందో ఎతుకుతాంది, దొరికేటట్ల చెయ్యి సామీ అని."

పీర్లు తొక్కిన అగ్నిగుండంలోని బూడిద పొట్లం కట్టుకుని తెచ్చాడు. హాట్ ప్లేటు నుదుట అడ్డంగా ఒక గీత పెట్టాడు. తుడవబోయాను. "ఉండనీ పాపా, అది నిన్ను అన్నం అడుగుతాదా?" అన్నాడు. నిజమే, ఉండనీ.

కుళాయి రావడం లేదు కాబట్టి డిస్టిల్డ్ వాటర్ కూడా లేదు. ట్యాంకరు నీళ్ళు కాచి వడపోసి గాజు తొట్టిలో పోస్తే అవి వారమంతా రావాలి. స్లైడులన్నీ కడిగాక ఆఖరున ఆ తొట్టిలోనే ముంచి ఆరబెడతాం. తొట్టి నింపడం కుళ్ళాయప్పన్న పని. సోమవారం సోమవారం.

సెప్టెంబరు 9.

వచ్చేసింది! వచ్చేసింది!

నిదానంగా రాస్తాను. నిన్న సాయంత్రం బలపం నూరి, అమ్మ ఇచ్చిన పట్టుగుడ్డలో జల్లించి, నూటికి ఒకపాలు కలిపి ఉంచాను. ఇవాళ స్లైడు మీద కరిగించి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆగస్టులో ఉత్త పొడితో చేసినప్పుడు కంటికి ఆనే వలయంలో మూడో నాలుగో పూసలు, ఇరవై నిమిషాలు తాపీగా పెరిగేవి. ఒక్కొక్కటీ రంగుల వలయాలతో, మధ్యలో నల్లటి కూడిక గుర్తుతో ఎంత అందంగా ఉండేవో. చల్లారగానే ఎండిన చెరువు అడుగులా పగిలేవి. ఇవాళ రెండు నిమిషాల్లో వలయం నిండిపోయింది. జొన్నపిండి చల్లినట్టు. వలయంలో రెండువందల నాలుగు. మూడుసార్లు లెక్కపెట్టాను.

కుళ్ళాయప్పన్నను పిలిచి చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"అంతా ఉప్మారవ్వ మాదిరి ఉండాది గదా పాపా."

"అదేనన్నా కావాల్సింది!"

"అయితే దొరికినట్లే" అని హాట్ ప్లేటుకు దండం పెట్టాడు. బలపానికి పెట్టాలన్నా, బలపానికి!

సెప్టెంబరు 11.

మళ్ళీ చేశాను. నూటతొంభై ఎనిమిది, రెండువందల పది. సారుకు ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు వచ్చింది, చింపి ఒక పేజీ చేశాను.

సెప్టెంబరు 16.

పోలికకని ఉత్త పొడి స్లైడు ఒకటి మళ్ళీ చేశాను. నూటతొంభై. బలపం లేకుండానే! తర్వాత అర్థమైంది, పాత బలపం ఎక్కడో అంటుకుని ఉంటుంది. పక్కన పెట్టాను.

సెప్టెంబరు 18.

మళ్ళీ ఒకటి అట్లాగే. ఈసారి గరిటె కడిగే చేశాను. సరిగా కడగలేదేమో. పక్కన పెట్టాను. తొట్టి అడుగున కాస్త మడ్డి ఉంది, ట్యాంకరు నీళ్ళు కదా.

ఉత్త పొడి సంగతి ఆగస్టులోనే తేలిపోయింది, మళ్ళీ మళ్ళీ చేసి ఉన్న నలభై గ్రాములూ తగలేయడం ఎందుకు?

సెప్టెంబరు 24.

సారు ఉత్తరం! "చౌడేశ్వరీ, చాలా సంతోషం. సారాంశం ఇవాళే బెంగళూరు పంపించు, మొదటి పేరు నీదే. సెమినార్‌లో బలపం తిన్న సంగతి ముందు చెప్పు, ఆ తర్వాత అంకెలు." చివర్న చిన్న అక్షరాలతో: "ఉత్త పొడి స్లైడులు మళ్ళీ చేసి చూశావు కదా?"

చూశాను కదా. రెండుసార్లు చూశాను. చూశానని రాశాను.

అక్టోబరు 1. ధర్మవరం.

ఆయుధపూజ. నాయన మగ్గానికి పసుపు పూసి, గుమ్మడికాయ కొట్టి, పూజలో నా పాత పలక, అరంగుళం బలపం ముక్క పెట్టాడు. అమ్మ పెట్టెలో దాచి ఉంచిందట. పందొమ్మిదేళ్ళుగా!

"దాన్నెందుకు పెట్టినావు నాయనా?"

"నీ ఆయుధం అదే గదా. బెంగళూరులో దాని గురించే గదా చెప్తావు?"

వీధిలో అందరికీ చెప్పేశాడు. ఎదురింటి చిన్నక్క వచ్చి, "ఏమ్మా, బలపం తిన్నందుకు పెద్ద పరీచ్చ పాసయినావంట? మా వాడు గూడా తింటాండాడు, తన్నొద్దా వాన్ని?" అని అడిగింది. కడుపు పట్టుకుని నవ్వాం.

అక్టోబరు 5.

కుళ్ళాయప్పన్న కూతురు కాన్పుకు వచ్చిందని రెండు వారాలు సెలవు పెట్టాడు. తొట్టి నేనే నింపుకున్నాను. ల్యాబు బోసిగా ఉంది.

అక్టోబరు 7.

బలపం స్లైడు: పన్నెండు. రెండువందలు కాదు, పన్నెండు. తూకం తప్పి ఉంటుంది. పక్కన పెట్టాను.

అక్టోబరు 8.

పదకొండు. పధ్నాలుగు. బలపం సరిగా కలవలేదు. పక్కన.

అక్టోబరు 9.

పక్కన.

అక్టోబరు 13.

పక్కన పెట్టినవి బల్ల మీద ఎక్కువయ్యాయి. మెస్సులో అడిగి ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చుకుని అందులో వేశాను. పారేయవచ్చు కదా. పారేయబుద్ధి కాలేదు. ప్రతిదాని మీదా తేదీ రాసి ఉంది, అందుకేమో.

అక్టోబరు 20.

కుళ్ళాయప్పన్న నిన్న వచ్చాడు. మనవరాలు పుట్టింది. నల్లగా, గుండ్రంగా, నేరేడుపండులా ఉందట. ఇవాళ బలపం స్లైడు: రెండువందల పదహారు! నాకు తెలుసు. ఆ రెండు వారాలూ నా చేతిలోనే ఏదో దోషం. కుళ్ళాయప్పన్న లేకపోతే ఈ ల్యాబుకు కళే లేదు.

అక్టోబరు 24, శనివారం.

ఒప్పుకున్నారు. బెంగళూరు నుంచి కార్డు వచ్చింది. "బలపం రాతి పొడి ప్రభావం", పన్నెండు నిమిషాలు. హాస్టలు మెట్లు రెండేసి చొప్పున దిగి బస్టాండుకు పరిగెత్తాను. ధర్మవరంలో దిగేసరికి చిన్న జల్లు కూడా పడింది. చెంబెడు కూడా ఉండదు, అయినా పడింది. అమ్మ నెయ్యి వేసి బొబ్బట్లు చేసింది. నెయ్యి పూసపూసగా ఉంది.

"ఎట్ల కట్టినావమ్మా ఇంత బాగా?"

"నేనేం కట్టలే. మునగాకు ఏసి దించి, దాని పాటికి దాన్ని ఇడిసిపెట్టినా. నీ మాదిరి ఊరికే మూత తీసి చూడలే."

అక్టోబరు 26, సోమవారం.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున కొంచెం ముందే వెళ్ళాను. కుళ్ళాయప్పన్న తొట్టి నింపుతున్నాడు. పొట్లం విప్పి, చిటికెడు బూడిద తీసి, కళ్ళకద్దుకుని, తొట్టిలో వేసి వేలితో కలిపాడు. జ్వరం వచ్చిన పిల్లలకు నీళ్ళలో కలిపి తాగించినట్టే.

"ఏమన్నా అది?"

"సామి బూడిద పాపా. అయిపోవచ్చింది. నువ్వు బెంగళూరు పొయ్యేదాంక ఎట్లనో సరిపెడతా."

"ఎప్పటి నుంచి వేస్తాండావు?"

"గూగూడు నుంచి వచ్చిన కాన్నుంచి. సోమవారం సోమవారం. నీ గాజుముక్కలకు దిష్టి తగలకుండా." తలెత్తి నన్ను చూసి, "ఏమాయ పాపా, మొగం అట్ల పెట్టినావు?" అన్నాడు.

ఏమీ లేదన్నాను.

అక్టోబరు 27.

ఇవాళ ఏమీ రాయను.

అక్టోబరు 28.

బిస్కెట్ల డబ్బా తీశాను. పందొమ్మిది స్లైడులు. తేదీల ప్రకారం బల్ల మీద పేర్చాను. బూడిద ఉన్న వారాల్లో చేసిన ఉత్త పొడివి ఏడు, అన్నింట్లోనూ వలయానికి రెండువందల దాకా పూసలు. కుళ్ళాయప్పన్న సెలవులో ఉన్నప్పుడు చేసిన బలపానివి పన్నెండు, అన్నింట్లోనూ పదీ పదిహేను. ఒక్కటి కూడా తప్పలేదు. నేను తప్పులని పక్కన పెట్టినవన్నీ ఒకే మాట చెబుతున్నాయి. సరైనవని నోటుబుక్కులోకి ఎక్కించినవాటికే ఆ మాట తెలియదు.

ఏడు ఉత్త పొడివి అని రాశాను. ఈ పుస్తకంలో చూస్తే రెండే ఉన్నాయి. మిగతా ఐదూ ఇక్కడ కూడా రాయలేదన్నమాట. ఎవరు చదువుతారని?

అక్టోబరు 29.

బలపం అసలు పనిచేయదని కాదు. మూడు పూసల చోట పన్నెండు కట్టాయి. అంటే నాలుగింతలు. నాలుగింతలు తక్కువా? పేపరులో బలపం ప్రభావం ఉందని రాశాం, ఉంది. అది అబద్ధం కాదు. బెంగళూరులో ఎవరూ మా తొట్టి వచ్చి చూడరు. బలపం మరీ మెత్తగా నూరితే రెండువందలు కట్టవచ్చు కూడా.

అక్టోబరు 30.

మెత్తగా నూరాను. కాచిన నీళ్ళు కొత్త తొట్టిలో పోసి, ఎవరినీ ముట్టనివ్వకుండా చేశాను. పదిహేను.

నవంబరు 1, ఆదివారం. ధర్మవరం.

ఇంట్లో చెప్పలేదు. చెబుదామనే వచ్చాను. కానీ పూజలో పెట్టిన పలక, బలపం ముక్క నాయన ఇంకా గూట్లోంచి తీయలేదు.

మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగిపోయింది. పోయి చూస్తే నాయన చీర అంచు వెలుగుకు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. రెండు మూరల వెనక, నెమళ్ళ వరుసలో ఒక నెమలికి ముక్కు లేదు. జరీపోగు ఒకటి తప్పిపోయింది.

"విప్పుతావా నాయనా?"

"విప్పితే పట్టు నలుగుతాది. చెప్తే నా మొగం నలుగుతాది. మొగమైతే మళ్ళా సాపు అయితాది." ఎర్ర దారం ముక్క తీసి, ఆ నెమలి ఉన్నచోట అంచుకు ముడి వేశాడు. మడత విప్పగానే ఎవరికైనా ముందు అదే కనపడుతుంది.

"షావుకారికి కనపడకపోవచ్చు గదా. ముక్కే గదా."

"షావుకారికి కనపడదు. కట్టుకున్న బిడ్డకు కనపడతాది. అప్పుట్నుంచి ఆ నెమలి దినామూ నన్ను తిడతాది."

"ముక్కు లేకుండా ఎట్ల తిడతాదయ్యా?" అంది అమ్మ.

"ముక్కు లేకనే గదా తిట్టేది!"

ముగ్గురం నవ్వాం. నేనే ముందు ఆపాను. నాయన నన్ను ఒక చూపు చూసి, దారం పోసే ఆసు దగ్గరికి పోయి ఏదో సర్దుకున్నాడు.

బయలుదేరేటప్పుడు అడిగాను: "ఎర్ర దారం కొంచెం ఇయ్యి నాయనా."

"ఎంత గావల్ల?"

"పందొమ్మిది ముడులకు."

కొలిచి ఇచ్చాడు.

నవంబరు 2, సోమవారం.

తొట్టి నింపకముందే కుళ్ళాయప్పన్నను కూర్చోబెట్టి చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది.

"అంటే నీ పని నేనే చెడగొట్టినానా పాపా?"

"చెడగొట్టలేదన్నా. నీ బూడిద నా బలపాన్ని ఓడగొట్టింది, అంతే. చెడగొట్టింది నేను. కనపడినదాన్ని డబ్బాలో పెట్టి మూత పెట్టినా."

"సారుకు తెలిస్తే నన్ను ఈడ ఉండనిస్తాడా?"

"నిన్ను తీసేస్తే నేనూ పోతానని రాస్తా."

"అట్ల రాయొద్దు. ఇద్దరమూ పోతే ల్యాబు ఎవురు ఊడుస్తారు?" ఈ మాట అన్నాక తనకే నవ్వొచ్చింది. అప్పుడు అడిగాను, మిగిలిన బూడిద ఇస్తావా అని. పొట్లం గుండెకు పట్టుకున్నాడు.

"సామిని పరీచ్చ పెడతావా?"

"సామిని కాదన్నా. బలపాన్ని."

పొట్లం విప్పి సగం ఇచ్చాడు. మిగతా సగం మనవరాలికట.

నవంబరు 4.

బూడిదను పట్టుగుడ్డలో జల్లించి, ఉత్త పొడిలో నూటికి ఒకపాలు కలిపాను. తొట్టిలో ఏమీ లేదు, నేను కాపలా. నాలుగు స్లైడులు: నూటతొంభై, రెండువందల ఇరవై, రెండువందల ఒకటి, నూటతొంభై ఆరు. కాయితంలా పలచటి బిళ్ళ చేసి వేలికి చుట్టాను. పగల్లేదు. బలపం బిళ్ళ రెండో మెలికకే విరిగింది.

నలభై గ్రాముల్లో ఇక ఆరు గ్రాములే ఉన్నాయి.

నవంబరు 5.

ఇవాళ ఒక పని భయపడుతూ చేశాను. మెస్సు పొయ్యిలో కాల్చిన శనక్కాయ పొట్టు బూడిద అడిగి తెచ్చి, అట్లాగే జల్లించి కలిపాను. నూటఎనభై నాలుగు. నూటతొంభై రెండు. గుండం బూడిదా పొయ్యి బూడిదా దాదాపు ఒకటే.

దీన్ని కుళ్ళాయప్పన్నకు ఎట్లా చెప్పాలి? మధ్యాహ్నమంతా చెప్పలేదు. మళ్ళీ ఇంకో డబ్బా మొదలు పెడుతున్నానని అనిపించి, సాయంత్రం చెప్పేశాను.

ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "అయితే ఏమాయ పాపా? పొయ్యిలో మండేది మాత్రం నిప్పు కాదా? సామి గూగూడులోనే కూకోని ఉంటాడని నీకెవురు చెప్పినారు?"

నేనేదో ఓదారుద్దామని సిద్ధమై వచ్చాను. ఆయనే నా భుజం తట్టి తాళాల గుత్తి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"అవునూ, బెంగళూరులో నా పేరు గూడా చదువుతారా?"

"ఈ పేపరు చదివేదుంటే, చదువుతారన్నా."

"ఒట్టి కుళ్ళాయప్ప అనొద్దు. ఇంటిపేరు గూడా ఏపిచ్చు."

నవంబరు 7, శనివారం.

మూడుసార్లు ఉత్తరం రాసి మూడుసార్లు చింపాను. మొదటిదాంట్లో తప్పు తొట్టిది. రెండోదాంట్లో ట్యాంకరుది. మూడోదాంట్లో ఎవరిదీ కాదు.

నవంబరు 8, ఆదివారం.

ఈ వారం ఇంటికి పోలేదు. ఉత్తరం రాసేశాను. రేపు పొద్దున రిజిస్టర్ చేస్తాను. నా దగ్గరా ఒక ప్రతి ఉండాలని ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

"రామదాసు సారుకు, చౌడేశ్వరి నమస్కారాలు.

సార్, నేను మీకు రాసిన బలపం ఫలితం తప్పు. స్లైడులు ఆఖరున కడిగే నీళ్ళలో సెప్టెంబరు ఏడు నుంచి కొంచెం బూడిద కలుస్తూ వచ్చింది. వలయానికి రెండువందల పూసలు కట్టింది ఆ బూడిద వల్ల. బలపం ఒక్కటే వేస్తే పదీ పదిహేను కడతాయి, అంతకు మించవు. బూడిద కలిపింది కుళ్ళాయప్పన్న. నా పని బాగుండాలని దేవుడికి చెప్పుకుని కలిపాడు. ఆయన్ను ఒక్క మాట కూడా అనకండి. నీళ్ళలో ఏముందో చూసుకోవాల్సింది నేను.

కానీ ఇది తెలియక జరిగిన పొరపాటు మాత్రమే కాదు సార్. ఉత్త పొడి స్లైడులు మళ్ళీ చేశావా అని మీరు అడిగారు. చేశాను. అవి బలపానికి ఎదురు చెప్పాయి. అలా ఎదురు చెప్పినవాటిని పందొమ్మిదింటిని తూకం తప్పనీ, కలవలేదనీ సాకులు చెప్పి డబ్బాలో పడేశాను. నోటుబుక్కులో రాయలేదు. బలపం గెలవాలని నాకు అంత ఆశగా ఉండింది. నేను అక్షరాలు దిద్దింది దాంతోనే కాబట్టి, అది నన్ను మోసం చేయదనుకున్నాను. అది చేయలేదు కూడా. నేనే దాని పేరు మీద చేశాను.

ఆ పందొమ్మిది స్లైడులకూ ఒక్కొక్కదానికి ఎర్ర దారం కట్టి, తేదీలతో, దూదిలో చుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పార్శిల్ విప్పగానే మీకు ముందు ఆ దారమే కనపడాలని కట్టాను. ఈ వారం బూడిదతో, పొయ్యి బూడిదతో చేసిన ఆరు స్లైడుల లెక్కలు కూడా ఉన్నాయి. వీటిలో ఏదీ పక్కన పెట్టలేదు. వేలికి చుట్టినా విరగని బిళ్ళ ఒకటి కాయితంలో మడిచి పెట్టాను. శనక్కాయ పొట్టు బూడిద మన జిల్లాలో ఏ పొయ్యిలో చూసినా ఉంటుంది సార్. సంచులకు బలపం కంటే అదే నయమని నాకు తోస్తోంది. కానీ ఒక వారం పనిని నమ్మమని మిమ్మల్ని అడిగే హక్కు ఇప్పుడు నాకు లేదు. మీరు వచ్చి మీ చేత్తో చేసి చూడాలి. పొడి ఇక నాలుగు గ్రాములుంది, మీకోసం ముట్టకుండా ఉంచాను.

బెంగళూరు వాళ్ళు కార్యక్రమం నవంబరు ఇరవై ఐదున అచ్చుకు ఇస్తారట. పేపరు వెనక్కి తీసుకోవాలా, లేక పేరు మార్చి, జరిగిందంతా చెప్పి, బూడిద సంగతి చదవాలా అన్నది మీరు చెప్పాలి. వెనక్కి తీసుకుంటే పీహెచ్‌డీ సంగతి ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. చదవమంటే మాత్రం, కృతజ్ఞతల్లో కుళ్ళాయప్పన్న పేరు ఇంటిపేరుతో సహా వేయడానికి అనుమతి ఇవ్వండి. మాట ఇచ్చాను.

నవంబరు ఇరవై, శుక్రవారంలోగా మీ జవాబు నాకు అందేలా రాయండి. ఆ రోజు తపాలాలో రాకపోతే, ఇరవై ఒకటిన పేపరు వెనక్కి తీసుకుంటున్నామని నేనే బెంగళూరుకు రాసేస్తాను. ఆ కార్డు కూడా రాసి పెట్టుకున్నాను, తేదీ ఒక్కటే వేయలేదు. దాన్ని నా చేత వేయించకుండా, ఇరవైలోగా రాయండి సార్."